వింటర్‌బోర్న్ వారి ఇంటిపేరు

ఎండాకాలంలో మా విశాఖపట్నం ఫ్లాట్‌కి మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లకంటే ముందు కుళాయిలోంచి గాలి వస్తుంది. మొదట సన్నగా ఒక నిట్టూర్పు, తర్వాత గొంతులో ఏదో అడ్డుపడినట్టు చప్పుడు, ఆ తర్వాత గోడ లోపల పైపు టకటకా కొట్టుకోవడం. ఇంట్లో మిగతావాళ్లకు అది బిందెలు పెట్టుకోమనే పిలుపు. నాకు మాత్రం వెన్నులో చలి పుడుతుంది. చేతిలో పని వదిలేసి అలాగే నిలబడిపోతాను. "వచ్చాడా మీ సారు?" అని మా ఆయన వేళాకోళం ఆడతాడు. ఆడితే ఆడనీ. నీళ్లకు ముందు వచ్చేదాన్ని వినడం నాకు నేర్పినవాడు ఒక ఇంగ్లీషాయన. ఆయన ఇంటిపేరు వింటర్‌బోర్న్. ఆ పేరు ఎక్కడిదో, దాని వెనక ఏముందో ఆయన నాకు విడతలు విడతలుగా చెప్పాడు. ఆయన్ను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. వాళ్లు తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయన్ను తలుచుకుంటూనే ఉంటారు.

దుబాయ్‌లో భవనాలు సగంలో ఆగిపోయి, క్రేన్లు కదలకుండా నిలబడిపోయిన రోజులవి. మా ఆయన ఉద్యోగం ఎలాగో నిలిచింది, నాదే ఊడింది. జియాలజీ చదివిన ఆడమనిషికి ఆఫీసుల్లో చోటెక్కడ దొరుకుతుంది? చివరికి రాస్ అల్ ఖైమా కొండల దగ్గర ఒక రాతి క్వారీలో పని దొరికింది. పేలుడుకు ముందు రాతి పొరలు పరీక్షించడం, మనుషుల భద్రత చూసుకోవడం నా పని. గడ్డిపోచ మొలవని బూడిదరంగు కొండలు, వాటి మధ్య తెల్లటి గులకరాళ్లు పరుచుకున్న వెడల్పాటి వాదీ. వాదీ అంటే మన వాగే, నీళ్లు మాత్రం ఉండవు. ఏళ్లకేళ్లకు ఎప్పుడో ఒకసారి వస్తాయి, వస్తే మాత్రం అడ్డమొచ్చినదాన్ని మిగల్చవు. మొదటిరోజు ఆ రాళ్లను చూసి, ఇంత పెద్ద రాళ్లను దొర్లించిన నీళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయో అనుకున్నాను. ఎండ నెత్తిన మండుతున్నా ఆ ఆలోచన నాకు నచ్చలేదు.

క్వారీ మేనేజరు గదిలోకి కాగితాలు పట్టుకుని వెళ్లాను. అరవై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడవు, ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు, కుర్చీ పక్కన ఒక చేతికర్ర. నా డిగ్రీ మీద ముక్కామల సుభద్ర అని ఉంటుంది, పాస్‌పోర్టు మీద ఇవటూరి సుభద్ర అని. పెళ్లయ్యాక ఇంటిపేరు మారే మన ఆడవాళ్లందరికీ గల్ఫ్‌లో ఇదో తలనొప్పి. అంతకు ముందు మూడు ఆఫీసుల్లో నన్ను దొంగను చూసినట్టు చూశారు. ఈయన మాత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఈ ఇద్దరిలో మీరెవరు?" అని అడిగాడు.

"ఇద్దరూ నేనే సార్. పెళ్లికి ముందు ఒకటి, పెళ్లయ్యాక ఒకటి."

"మరి మొదటిది ఏమైంది?"

"ఏమీ కాలేదు. మా అన్నయ్య దగ్గరుంది."

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు. "నాకు అన్నదమ్ములు లేరు. పిల్లలు లేరు. నా తర్వాత దీన్ని ఎవరి దగ్గర ఉంచాలో తెలియడం లేదు," అన్నాడు. ఇంట్లో పెంచుకున్న కుక్కను గురించి అన్నట్టుగా అన్నాడు. తర్వాత ముక్కామల అంటే ఏమిటని అడిగాడు. గోదావరి జిల్లాలో ఒక ఊరని చెప్పాను. మీదేనా ఆ ఊరు అన్నాడు. కాదు, మా ముత్తాత కూడా ఆ ఊరు చూసి ఉండడన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంతే కదా. ముక్కామలలో ఉన్నవాణ్ని ముక్కామలవాడని ఎవరంటారు? అక్కడ అందరూ ముక్కామలవాళ్లే. ఊరు వదిలి వెళ్లినవాడికే ఊరి పేరు అంటుకుంటుంది," అన్నాడు. నా ఇంటిపేరు గురించి నేను ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అంత ఆలోచించలేదు. సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆరోజే ఆయన తన పేరు సంగతి సగం చెప్పాడు. ఒకప్పుడు వాళ్ల దేశంలోనూ మనిషికి ఒక్కటే పేరట. ఊళ్లో ఐదుగురు జాన్‌లు ఉంటే కొలిమి జాన్ అనీ, గుట్టమీద జాన్ అనీ, ఫలానా ఊరినుంచి వచ్చిన జాన్ అనీ గుర్తులు పెట్టుకునేవారు. శిస్తు వసూలు చేసేవాళ్లు ఆ గుర్తుల్ని రాసుకున్నారు. తండ్రి గుర్తు కొడుక్కీ మనవడికీ అంటుకుపోయింది. వింటర్ అంటే చలికాలం, బోర్న్ అంటే వాగు. దక్షిణ ఇంగ్లండులో సున్నపురాతి గుట్టల కింద కొన్ని వాగులుంటాయి. వేసవంతా ఎండిపోయి పశువులు నడిచే దారిలా ఉంటాయి. చలికాలంలో మాత్రం నేలలోంచి నీళ్లు ఊరి, ఏ చప్పుడూ లేకుండా పారడం మొదలుపెడతాయి. వాటి ఒడ్డున ఆ పేరుతోనే చాలా ఊళ్లున్నాయి. ఆ ఊళ్లు వదిలిన ఎవడికో ఈ పేరు పడింది. "పుస్తకాల్లో ఉన్నది ఇంతే," అని కాగితాలు నా చేతికిచ్చాడు. "మా ఇంట్లో చెప్పుకునేది వేరు. అది ఇంకోసారి."

పనివాళ్లు ఆయన్ను ఠండా సాబ్ అనేవాళ్లు. వింటర్ అంటే చలి అని ఎవరో వాళ్లకు చెప్పారు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ఠండా సాబ్ కర్ర పొడుచుకుంటూ వస్తుంటే వాళ్లకు అదొక వినోదం. ఆయనకు తెలుసు, ఏమీ అనుకునేవాడు కాదు.

ఆ ఇంకోసారి డిసెంబరులో వచ్చింది. పొద్దున్నే నన్ను వాదీ దగ్గరకు తీసుకెళ్లాడు. కర్ర పక్కన పడేసి, ఖరీదైన చొక్కా అని కూడా చూడకుండా గులకరాళ్ల మీద బోర్లా పడుకుని చెవి నేలకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి ఉందో లేదో తెలియనంత కదలకుండా ఉన్నాడు. గుండెపోటేమో అనుకుని నేను దగ్గరకు వెళ్లబోతే చెయ్యెత్తి ఆపాడు. లేచాక చెంపమీద గులకరాళ్ల అచ్చులు పడి ఉన్నాయి.

"మా ఇంటివాళ్ల పని ఇది," అన్నాడు. "మేము ఊరు వదిలినవాళ్లం కాదని మా నాన్నమ్మ అనేది. ఊరివాళ్లు వాగు దగ్గర కాపలా పెట్టినవాళ్లమట. చలికాలం మొదలవగానే మా ఇంటి పెద్ద రోజూ ఎండిన వాగులో నడిచివెళ్లి నేలకు చెవి పెట్టాలి. వినపడగానే కర్ర పట్టుకుని ఊరంతా తిరిగి ఇంటింటి తలుపూ తట్టాలి. కింది గదుల్లో ధాన్యం ఉంటుంది, పశువులుంటాయి, ముసలివాళ్లు పడుకుని ఉంటారు. తలుపు తట్టి ఇంటిపేరు పెట్టి పిలవాలి. మనిషి పేరు పిలిస్తే ఆ మనిషే లేస్తాడు. ఇంటిపేరు పిలిస్తే ఇల్లంతా లేస్తుంది."

"వినపడేది ఏమిటి సార్? నీళ్లా?"

"నీళ్లు కాదు. నీళ్లు పైకి వస్తుంటే నేల లోపల ఖాళీల్లో ఉన్న గాలికి చోటుండదు. అది బయటికి పోవాలని తడుతుంది. చల్లగా ఉంటుంది కూడా."

రాళ్లు చదువుకున్నదాన్ని, ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. అయినా నాకు నోరు ఊరుకోదు. "మీ ఊళ్లో నీళ్లు కిందినుంచి పైకి వస్తాయి. ఇక్కడ కొండమీదనుంచి కిందికి వస్తాయి. రెండూ ఒకటి కాదు కదా," అన్నాను.

"కాదు. నాకూ తెలుసు," అన్నాడు. బట్టలు దులుపుకున్నాడు. "అయినా ఇక్కడా వినిపిస్తుంది. మొదటి ఏడాది నేనే నమ్మలేదు."

తిరిగి వస్తూ మిగతాదీ చెప్పాడు. ఆ వాగు కాలం కాని కాలంలో పొంగితే దాన్ని ఊళ్లో ఏడుపునీళ్లు అనేవారట. ఆ ఏడు ఊళ్లో చావులుంటాయని భయం. ఎవరి కాలంలోనో ఒక వేసవిలో అలా పొంగింది. వింటర్‌బోర్న్ ఇంటివాడు తలుపులు తడుతూ తిరిగాడు. వేసవిలో నీళ్లేమిటని ఎవరూ తలుపు తీయలేదు. పొద్దుటికి కింది గదుల్లో ముసలివాళ్లు కొందరు చచ్చిపోయి ఉన్నారు. ఊరివాళ్లు నీళ్లను తిట్టలేదు, తలుపు తట్టినవాణ్ని తిట్టారు. వాడే పిలిచి తెచ్చాడన్నారు. అప్పటినుంచి ఆ ఇంటివాళ్లు వీధిలో నడిస్తే తలుపులు మూసుకునేవారట. "రుజువేమీ లేదు. ఇంట్లో చెప్పుకునే మాట," అన్నాడు. ఆయన అంత మామూలుగా చెప్పడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వాదీ మధ్యలోనే, ఒడ్డు కింద, రాళ్లు పగలగొట్టే యంత్రానికి దగ్గరగా మా కంపెనీవాళ్లు పనివాళ్ల కోసం ఏసీ పెట్టిన పొడవాటి రేకుల క్యాబిన్ ఒకటి దింపారు. వేసవి నెలల్లో మధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ సమయానికి మనుషులు పడుకోవడానికి అది. చదునైన చోటు, కొండ నీడ, అన్నీ బాగున్నాయి. అది వాదీ గర్భమన్న సంగతే ఎవరికీ పట్టలేదు. వింటర్‌బోర్న్ ఒడ్డుమీదికి మార్చమని అడుగుతూనే ఉన్నాడు. మా ముదీర్, అంటే పెద్ద మేనేజరు, నవ్వి ఊరుకునేవాడు. పదేళ్లుగా ఇక్కడ చుక్క నీరు రాలేదనేవాడు.

క్యాబిన్ మార్పించలేకపోయిన మనిషి అందులో పడుకునేవాళ్లను తెలుసుకోవడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్ వైపు మనవాళ్లు. నన్ను దుబాసీగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరినీ ఇంటిపేరేమిటి, ఎలా వచ్చిందని అడిగేవాడు. మొదట వాళ్లకు అనుమానం వచ్చింది. వాళ్ల ఫోర్‌మన్ మల్లయ్య నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఇంటిపేరు ఎందుకు మేడం? కులం ఎరుక చేసుకునేతందుకా? ఊళ్లె అయితె అందుకే అడుగుతరు."

అది నిజమే. ఆ మాటే తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాను. వింటర్‌బోర్న్ తల అడ్డంగా ఊపి, తన పేరు సంగతి మొదటినుంచి చెప్పమన్నాడు. చలికాలం వాగు, చెవి పెట్టడం, తలుపులు తట్టడం అన్నీ చెప్పాను. మల్లయ్య నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మాది చింతకింది. చింతకింది మల్లయ్య. తాతలనాడు చింతచెట్టు కింద ఇల్లుండెనట. ఇప్పుడు చెట్టు లేదు, ఇల్లు లేదు. పేరొక్కటి మిగిలింది."

అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పగానే వింటర్‌బోర్న్ లేచి నిలబడి మల్లయ్యకు చెయ్యిచ్చాడు. వాళ్ల దేశంలో అండర్‌వుడ్ అనే ఇంటిపేరుందట, అంటే అడవికింది వాళ్లు. "మీరూ వాళ్లూ ఒకటే," అన్నాడు. ఆ తర్వాత అడగకుండానే చెప్పేవాళ్లు. గుర్రం పోశెట్టి, ఎడ్ల లింగన్న, దొంతుల రాజం, గాజుల గంగారాం. సైట్‌లో వాళ్లను ఎవరూ అలా పిలిచేవాళ్లు కాదు. హెల్మెట్ మీది అంకెతోనో, లేకపోతే "యల్లా, యల్లా", అంటే పదండి పదండి, అనో పిలిచేవాళ్లు. విని విని ఆ పేర్లన్నీ నాకూ నోటికొచ్చాయి.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం నేలలో చప్పుడు వినపడిందని ఆయన కర్రతో క్యాబిన్ తలుపు బాది అందరినీ ఒడ్డుమీదికి ఎక్కించాడు. నీడ లేదు. కాళ్ల కింద రాళ్లు కాలుతున్నాయి. వాదీలోకి చూస్తూ గంటసేపు నిలబడ్డాం. ఏమీ రాలేదు. తర్వాత కొన్నాళ్లకు మళ్లీ అదే. ఈసారి ఒకడు ఎండకు సొమ్మసిల్లాడు. మల్లయ్యకే ఒళ్లు మండింది. "సాబ్ మంచోడే గని దిమాక్ ఖరాబ్ అయ్యింది మేడం. నిద్ర లేకుంట చేస్తుండు," అన్నాడు. ముదీర్ వచ్చి అందరి ముందూ ఆయన్ను నానా మాటలూ అన్నాడు. నేనూ లోలోపల విసుక్కున్నాను. కానీ ఆ రెండోసారి, అందరూ వెళ్లాక, నేను కిందికి దిగి గులకరాళ్ల మధ్య అరచెయ్యి పెట్టి చూశాను. పైన రాయి పెనంలా కాలుతోంది. రాళ్ల సందుల్లోంచి మాత్రం ఎవరో ఊదినట్టు చల్లగాలి తగిలింది. చెయ్యి లాగేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లేరోజు వాదీ దాకా నడుద్దామన్నాడు. కాలు బాగా ఈడుస్తున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. జబ్బేమిటో చెప్పలేదు, నేను అడగలేదు.

"వచ్చే వేసవిలో మధ్యాహ్నం వాళ్లు పడుకున్నాక రోజూ ఒకసారి వచ్చి చెవి పెట్టండి. వేసవి అయ్యేదాకా చాలు," అన్నాడు.

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు సార్."

"నమ్మక్కర్లేదు. వింటే చాలు."

"అయినా అది మీ ఇంటివాళ్లకు కదా వినపడేది. నేను వింటర్‌బోర్న్‌ను కాదు."

"మా ఇంట్లో అందరికంటే బాగా విన్నది మా నాన్నమ్మ. ఆవిడ పుట్టుకతో వింటర్‌బోర్న్ కాదు, పెళ్లితో వచ్చింది. ఇంటిపేరు రక్తంలోంచే రానక్కర్లేదు, పనిలోంచి కూడా వస్తుంది. మీకు ఇప్పటికే రెండున్నాయి. మూడోది బరువవుతుందా?" అన్నాడు. నవ్వులాటకు అన్నట్టే అన్నాడు గానీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి రాళ్ల సందుల్లో తగిలిన గాలిలాగే చల్లగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. మా నాన్న పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

మరుసటి ఏడు వేసవి వచ్చింది. కొత్త మేనేజరు వచ్చాడు. నేను రోజూ మధ్యాహ్నం వాదీలోకి దిగేదాన్ని. చీర కట్టుకునే ఉద్యోగమైతే ఎలా చేసేదాన్నో తెలియదు. ప్యాంటూ బూట్లూ వేసుకుని రాళ్లమీద బోర్లా పడుకునే ఆడదాన్ని చూసి పనివాళ్లు ముందు నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. "మేడంను ఠండా సాబ్ పట్టిండు," అనుకునేవాళ్లు. దయ్యం పట్టిందన్నట్టే అనేవాళ్లు. జూన్ పోయింది, జూలై పోయింది. నాకేమీ వినపడలేదు. ఒక్కసారి మాత్రం యంత్రం అదురుకు మోసపోయి అందరినీ లేపి తిట్లు తిన్నాను. కొత్త మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఇంకోసారి మనుషుల విశ్రాంతి చెడగొడితే ఆరోజే ఆఖరని నిమ్మళంగా చెప్పాడు. అప్పటికి మా ఆయన ఉద్యోగం కూడా పోయింది. మేమిద్దరం ఆ దేశంలో ఉంటున్నది నా వీసా మీద.

ఆగస్టులో ఆ మధ్యాహ్నం ఆకాశం తుడిచిన పలకలా ఉంది. దూరంగా, కొండల వెనక, ఒక్క తెల్లమబ్బు మాత్రం పైకి లేచి ఉంది. వాదీలోకి దిగి చెవి పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. లేవబోతుండగా వినపడింది. టక్, టక్, టక్. ఆగింది. మళ్లీ కొంచెం ఇవతల, టక్, టక్, టక్. మళ్లీ ఆగింది. అది యంత్రం కాదు, ఆరోజు యంత్రం ఆపేసి ఉంది. నేల కింద ఎవరో ఒక్కో తలుపూ తడుతూ, జవాబు కోసం ఆగుతూ, నావైపే నడిచి వస్తున్నట్టుంది. ఆ ఆగడంలో ఒక కాలు ఈడ్చే చప్పుడు కూడా ఉందని నాకనిపించింది. చెంపకింది రాళ్లలోంచి చల్లగాలి వచ్చి నా చెవిలో దూరింది. లేచి పరుగెత్తాను.

హెల్మెట్ తీసి క్యాబిన్ రేకు మీద బాదాను. లోపల ఏసీ మోత. తలుపు తీసి లేవండి, లేవండి అని అరిచాను. ఒకరిద్దరు కళ్లు తెరిచి మళ్లీ దుప్పటి కప్పుకున్నారు. మల్లయ్య పడుకునే అన్నాడు: "ఖలాస్ మేడం. పోయినసారి గిట్లనే లేపితిరి. ఏం రాలె. ముదీర్ మిమ్ములనే తీసేస్తడు, పోయి పండుకోండ్రి."

మల్లయ్య అన్నది తప్పేమీ కాదు. వెనక్కి తిరిగి వెళ్లిపోతే ఆ నెల జీతం వస్తుంది, వీసా ఉంటుంది. గుమ్మంలో నిలబడి ఉండగా నా గొంతులోంచి నాది కాని గట్టి కేక వచ్చింది. "చింతకింది మల్లయ్యా! గుర్రం పోశెట్టీ! ఎడ్ల లింగన్నా! దొంతుల రాజం! గాజుల గంగారాం!" ఒక్కొక్క పేరుకూ హెల్మెట్‌తో రేకు మీద కొడుతూ, మంచం నుంచి మంచానికి, ఇంటిపేరు పెట్టి పిలుస్తూ పోయాను. ఎవరి ముఖాలూ చూడలేదు. పోశెట్టి దిగ్గున లేచి కూర్చున్నాడు. లింగన్న చెప్పుల కోసం వెతుక్కోకుండానే బయటికి నడిచాడు. ఊళ్లో తెల్లారగట్ల తండ్రి పిలిస్తే లేచినట్టు, ఎందుకని అడక్కుండా లేచారు. అందరికంటే ఆఖరున మల్లయ్య లేచాడు. కళ్లలో భయం కనపడింది.

ఒడ్డెక్కేసరికి కొత్త మేనేజరు బండి వచ్చి ఆగింది. ఆయన దిగి నావైపు వేలు చూపించి ఏదో మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాలేదు. వాదీ మలుపు దగ్గర కొండ ఒరుసుకున్నట్టు మోత వచ్చింది. ముందు దుమ్ము వచ్చింది, దాని వెనక చిక్కటి టీ రంగు నీళ్లు మనిషి ఎత్తున గోడలా వచ్చాయి. నీళ్ల కింద రాళ్లు దొర్లుతుంటే ఒడ్డు కాళ్ల కింద వణికింది. క్యాబిన్ అగ్గిపెట్టెలా లేచి, ఒకసారి తిరిగి, కొండకు కొట్టుకుని నలిగిపోయింది. తలమీద ఎండ అలాగే కాస్తోంది. మేనేజరు చెయ్యి ఇంకా నావైపే చాచి ఉంది.

మల్లయ్య తన మనుషులందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసుకున్నాడు. అందరూ ఉన్నారు. తర్వాత నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, మీరు ఎన్నిసార్లు అచ్చిండ్రు?"

"ఒక్కసారే కదా, చూశావుగా."

"కాదు. మీకంటె ముందుగాల ఎవరో కట్టెతోటి కొట్టిండ్రు. తలుపు కాడ కొట్టి, గోడపొంటి కొట్టుకుంట పోయిండ్రు. డ్రైవర్ పోరగాళ్ల మజాక్ అనుకుని నేను తలుపు తియ్యలె." వెనకనుంచి పోశెట్టి కూడా తల ఊపాడు. "నేను గూడ విన్న," అన్నాడు. ఆ సమయంలో డ్రైవర్లందరూ ఊళ్లో భోజనానికి వెళ్లి ఉన్నారు. మేము వాదీలోకి చూశాం. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత కంపెనీవాళ్లు క్యాబిన్‌ను ఒడ్డుమీద కట్టారు. నా ఉద్యోగం పోలేదు. ఇంకో నాలుగేళ్లు ఉండి, ఇండియా వచ్చేశాం. పనివాళ్లలో సగంమంది ఇప్పుడు ఊళ్లకు చేరారు, కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. ఎక్కడున్నా నాకు ఫోన్ చేసి, ముందు ఇంటిపేరు చెప్పి, ఆ తర్వాతే మాట్లాడతారు. వింటర్‌బోర్న్ వల్ల నాకొక అలవాటు వచ్చింది. నాకింద పని చేసేవాళ్ల ఇంటిపేర్లు, అవి ఎక్కడివో, అన్నీ అడిగి తెలుసుకుంటాను. కులం కోసం కాదని ముందే చెబుతాను. కొందరు నమ్ముతారు, కొందరు నమ్మరు. ఇదంతా నేను చాలామందికి చెప్పాను. ఒక్క సంగతి మాత్రం మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీళ్లు వచ్చిన మర్నాడు పొద్దున ఆఫీసునుంచి ఇంగ్లండుకు ఫోన్ చేశాను. మీరు చెప్పినట్టే విన్నాను, అందరూ బతికారు అని ఆయనకు నా నోటితో చెప్పాలనుంది. ఎత్తినది ఆయన కాదు, ఆయన చెల్లెలు. నేను ఎవరో చెప్పుకున్నాను. అన్నయ్య నిన్న పోయాడని చెప్పింది. వాళ్లకు పొద్దున, అంటే మాకు మధ్యాహ్నం.

"చాలా రోజులుగా ఒంట్లో బాగాలేదు," అంది. "నిన్న తెల్లవారినప్పటినుంచీ మంచం పట్టె మీద వేళ్లతో తడుతూనే ఉన్నాడు. కొంచెం తట్టడం, ఆగడం, మళ్లీ తట్టడం. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని మళ్లీ తట్టాడు. ఎవరిని లేపుతున్నావని అడిగాను. 'లేచారా?' అని నన్నే అడిగాడు. అదే ఆఖరి మాట. ఎవరి గురించి అడిగాడో మాకెవరికీ అర్థం కాలేదు. మీకేమైనా తెలుసా?"

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"తెలుసండి. లేచారు," అన్నాను. "అందరూ లేచారు."

అవతల ఆవిడ ఏడుస్తోంది. ఫోన్ పట్టుకుని నేనూ ఏడుస్తున్నాను. ఎదురు బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా నా చేతివైపు వింతగా చూస్తుంటే అప్పుడు గమనించాను, నా వేళ్లు బల్లమీద తడుతున్నాయి. కొంచెం తట్టి, ఆగి, మళ్లీ తడుతున్నాయి. నేను ఆపినా ఆగలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు తడతాయి. అలాంటప్పుడు నేను ఆపను. మా ఇంట్లోవాళ్లను, వీలైతే పక్కింటివాళ్లను కూడా, ఇంటిపేరు పెట్టి పిలిచి లేపుతాను.